అర మార్కు, అర సెకను

(హైదరాబాద్ శివార్లలోని ఒక గుర్రపు స్వారీ శిక్షణ కేంద్రంలో వార్షిక పోటీలు ముగిసిన సాయంత్రం, ఒక విశ్రాంత పశువైద్యుడు పిల్లలు, తల్లిదండ్రులు, శిక్షకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. పిల్లలు కాస్త ముందుకు జరగండి. లాయంలో పని ఉన్న సైసులు మొహమాటపడకుండా వెళ్ళొచ్చు, దాణా వేళయింది, నా మాటల కంటే అది ముఖ్యం.

నన్ను పిలిచింది గుర్రాల కాళ్ళ జబ్బుల గురించి చెప్పమని. కాగితం మీద రాసుకునే వచ్చాను. కానీ పొద్దున పదకొండింటప్పుడు స్కోరు బోర్డు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఏడుస్తూ కనిపించింది. పన్నెండేళ్ళుంటాయేమో. దగ్గరికి వెళ్తే, "డాక్టరంకుల్, నా గుర్రం ఎక్కడా ఆగిపోలేదు, గీత దాటలేదు, వరస తప్పలేదు. మరి నాకు 58 ఎందుకు? ఆ అక్కకి 64 ఎందుకు?" అని అడిగింది. పక్కనే వాళ్ళ నాన్నగారు. ఆయనకి కోపం. "వచ్చే ఏడాది నుంచి జంపింగే చేయిస్తానండీ. కర్ర పడిందా లేదా, టైమెంత, అంతే. అక్కడ ఎవరి దయా అక్కర్లేదు" అన్నారు.

ఆ మాట పొద్దుట్నుంచీ నన్ను వదల్లేదు. కాళ్ళ జబ్బులు ఇంకోసారి చెప్పుకుందాం. ఆ అమ్మాయి అడిగిన దానికి జవాబు చెప్పడం నా బాధ్యత అనిపించింది. ఎందుకంటే నేను ఆ బల్లకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. జడ్జి పక్కన కూర్చుని మార్కులు రాశాను, నేనే జడ్జిగా మార్కులు వేశాను, వాచీ పట్టుకుని టైమూ చూశాను.

కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల కోసం ముందు రెండు మాటలు. డ్రెస్సాజ్ అంటే గుర్రం కదలికల తీరుకి మార్కులు వేసే పోటీ. దానికి 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరి. చిన్న స్థాయి పోటీలకి 40 మీటర్ల బరి సరిపోతుంది. చుట్టూ అక్షరాల పలకలు. ముందే ఇచ్చిన వరసలో గుర్రం నడవాలి, ట్రాట్, అంటే చిన్న పరుగు, చేయాలి, క్యాంటర్, అంటే మెల్లటి దౌడు, చేయాలి, గుండ్రంగా తిరగాలి, చెప్పిన చోట కదలకుండా నిలబడాలి. ఒక్కో కదలికకి సున్నా నుంచి పది దాకా మార్కు, మధ్యలో అర మార్కులూ ఉంటాయి. అన్నీ కలిపి నూటికి లెక్క కడతారు. జంపింగ్ అలా కాదు. గుర్రం ఎగిరి దాటాల్సిన కర్ర పడితే నాలుగు తప్పులు, ఇచ్చిన టైము దాటితే మళ్ళీ తప్పులు. తప్పుల్లో సమానంగా ఉన్నవాళ్ళకి మళ్ళీ పరుగు పెడితే ఎవరు తొందరగా వస్తే వాళ్ళది గెలుపు. ఒకటి కంటితో తేలేది, ఇంకోటి గడియారంతో తేలేది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆదివారాలు పోటీలకి వెళ్ళి జడ్జి పక్కన రాసేవాణ్ణి. జడ్జి గుర్రం మీంచి చూపు తిప్పకూడదు కాబట్టి మార్కు నోటితో చెబుతారు, పక్కవాడు కాగితం మీద వేస్తాడు. ఒక ఎర్ర గుర్రం ఇప్పటికీ గుర్తుంది. పొద్దున మొదటి నంబరు. మధ్య గీత మీద నుంచి వచ్చి ఆగింది. "ఆరున్నర. వెనక ఎడమ కాలు వెనకబడింది" అన్నారు జడ్జిగారు. నేను రాసి తలెత్తేలోగా అది మలుపు తిరిగేసింది. "ఐదు. వీపు బిగబట్టింది. ఏడు. బాగుంది, ధారగా ఉంది. ఐదున్నర, లయ తప్పింది." ఐదారు నిమిషాల్లో ఇరవైకి పైగా మార్కులు, ప్రతిదానికీ ఒక కారణం. ఆవిడ నీళ్ళు కూడా తాగలేదు. ఒక్కసారి మాత్రం ఆగి, "ఇందాకటి ఐదు కొట్టేసి ఆరు వెయ్యండి, నేను తొందరపడ్డాను" అన్నారు. కొట్టేసి ఆరు వేశాను, పక్కన ఆవిడ పొడి సంతకం పెట్టారు.

ఆ ఒక్క సంతకం నాకు చాలా నేర్పింది. మనిషి కన్ను తొందరపడుతుంది. పడ్డానని ఒప్పుకోవడానికి ఆ కాగితంలో చోటుంది.

ఇంకో సంగతి. పొట్టి గోడ మధ్యలో, సి అక్షరం దగ్గర కూర్చున్న జడ్జికి గుర్రం తిన్నగా వస్తోందా, వంకరగా వస్తోందా స్పష్టంగా కనిపిస్తుంది. అడుగు ఎంత సాగుతోందో అంత బాగా కనిపించదు. పొడుగు గోడ పక్కన కూర్చున్నవాళ్ళకి వెనక కాలు పొట్ట కిందకి ఎంత వస్తోందో తెలుస్తుంది, వంకర తెలియదు. అందుకే ఒకే కదలికకి ఒకరు ఆరు, ఒకరు ఏడు వేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒలింపిక్స్‌లో ఐదుగురు జడ్జిలుండేవారు, 2012 లండన్ నుంచి ఏడుగుర్ని కూర్చోబెడుతున్నారు. ఎక్కువ వైపుల నుంచి చూస్తే గుర్రం ఎక్కువగా కనిపిస్తుందని.

అర మార్కు అంటే ఎంతో మీకు లెక్క కట్టి చూపిస్తాను. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, 2023. మన వాళ్ళు డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచారు కదా, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ విపుల్ ఛేడా, అనుష్ అగర్వల్లా. గుర్రపు స్వారీలో మనకి బంగారం 1982 ఢిల్లీ తర్వాత, అంటే 41 ఏళ్ళకి వచ్చింది. జట్టులో మెరుగైన మూడు స్కోర్లు కలుపుతారు. అనుష్ 71.088, హృదయ్ 69.941, దివ్యకృతి 68.176, మొత్తం 209.205. మన సంతోషంలో మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. మన కింద చైనాకి 204.882, హాంకాంగ్‌కి 204.852. తేడా 0.030.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్క పెట్టండి. ఆ టెస్టుకి ఒక్కో జడ్జి దగ్గర 340 మార్కులు, ఐదుగురు జడ్జిలు. అంటే ఒక రౌతుకి మొత్తం 1700. అందులో అర మార్కు నూటికి ఎంత? 0.0294. స్కోర్లని మూడు దశాంశాలకి కుదించడంలో వచ్చే తేడా పోగా ఆ 0.030 సరిగ్గా ఇదే. అంటే ఒక గుర్రానికి, ఒక కదలికలో, ఒక్క జడ్జి ఆరుకి బదులు ఆరున్నర వేసి ఉంటే ఆ రెండు జట్లూ సమానమయ్యేవి. వెండికీ కాంస్యానికీ మధ్య దూరం ఒక మనిషి నోట్లోంచి వచ్చే "ఆరు" అనే మాటకీ "ఆరున్నర" అనే మాటకీ ఉన్న దూరం. ఇది రాసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ జడ్జి పక్కన రాసేవాడి కలం సరిగ్గా రాసిందా, అని కూడా ఆలోచించాను. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి.

నాన్నగారు తల ఊపుతున్నారు. "చూశారా, నేనన్నది ఇదే" అని. అనండి, ఇంకా ఘోరమైనవి నేనే చెబుతాను. 1956లో ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగాయి. ఆస్ట్రేలియా పశువుల క్వారంటైన్ నిబంధనల వల్ల గుర్రాలని రానివ్వకపోతే, గుర్రప్పోటీలు మాత్రం స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో పెట్టారు. అక్కడ డ్రెస్సాజ్‌లో జర్మన్ జడ్జి ముగ్గురు జర్మన్ రౌతులకీ మొదటి మూడు స్థానాలు ఇచ్చాడు. స్వీడన్ జడ్జి ముగ్గురు స్వీడన్ రౌతులకీ మొదటి మూడు స్థానాలు ఇచ్చాడు. లోకమంతా చూస్తుండగా! ఇద్దర్నీ అంతర్జాతీయ సమాఖ్య పక్కన పెట్టింది. తర్వాత రోమ్‌లో, 1960లో, డ్రెస్సాజ్ జట్టు పోటీనే ఎత్తేశారు. ఆ ఆట ఒలింపిక్స్‌లో ఉంటుందా ఊడుతుందా అన్నంత దాకా వెళ్ళింది.

అంతకు ముందు 1932, లాస్ ఏంజెలెస్. స్వీడన్ రౌతు బెర్టిల్ సాండ్‌స్ట్రోమ్. 1920లో, 1924లో వెండి గెలిచినవాడు. ఈసారీ రెండో స్థానంలో ఉన్నాడు. నాలుకతో టక్కుటక్కుమని గుర్రాన్ని అదిలించాడని ఆరోపణ. డ్రెస్సాజ్‌లో నోటితో ఏ చప్పుడూ చేయకూడదు. ఆయనేమో "అది నేను కాదు, నా జీను కిర్రుమంది" అన్నాడు. జీను మాట ఎవరూ వినలేదు, ఆయన్ని చివరి స్థానానికి నెట్టేశారు. ఎవరిది నిజమో ఆ గుర్రానికే తెలియాలి. తోలు జీను ఎండకి ఎండితే కిర్రుమంటుందని మన సైసులకి తెలుసు, అందుకే నూనె పూస్తారు. ఆ రోజు ఆ తోలు సంగతి ఎవరైనా చూశారా అన్నదే నా బాధ.

1948 లండన్‌లో ఇంకో విచిత్రం. స్వీడన్ జట్టుకి బంగారం వచ్చింది. మరుసటి ఏడు వెనక్కి తీసుకుని ఫ్రాన్స్‌కి ఇచ్చారు. ఎందుకయ్యా అంటే, జట్టులోని గెనాల్ పెర్సన్ అసలు సార్జెంటు హోదావాడు, పోటీ కోసం తాత్కాలికంగా ఆఫీసరుని చేశారని. అప్పట్లో సైన్యం నుంచి ఆఫీసర్లకే అర్హత. ఆయన గుర్రం నడిచిన తీరులో ఏ లోపమూ లేదు. మార్కులు వేసినవాళ్ళదీ తప్పు లేదు. పోటీలోకి ఎవరు రావాలన్న నియమమే వంకర. 1952 నుంచి ఆ అడ్డు తీసేశారు, ఆడవాళ్ళనీ రానిచ్చారు. ఆ ఏడే డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్, పోలియోతో మోకాళ్ళ కింద చచ్చుబడిన కాళ్ళతో, వెండి గెలిచింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ పక్కన మనిషి కావాలి ఆవిడకి. మార్కులు వేసిన కన్ను ఆ కాళ్ళని కాదు, ఆ గుర్రం నడకని చూసింది.

ఇక గడియారం వైపు వద్దాం.

2004, ఏథెన్స్. ఈవెంటింగ్ అంటే డ్రెస్సాజ్, ఆరుబయట అడ్డంకులు దాటే క్రాస్ కంట్రీ పరుగు, జంపింగ్ మూడూ కలిసిన పోటీ. అందులో జర్మనీ అమ్మాయి బెట్టినా హాయ్ జంపింగ్ మొదలుపెట్టే ముందు గుండ్రంగా తిరుగుతూ, ప్రారంభ గీతని ఒకసారి దాటింది. మళ్ళీ తిరిగొచ్చి ఇంకోసారి దాటి పరుగు మొదలుపెట్టింది. బోర్డు మీద గడియారం సున్నా నుంచి మళ్ళీ మొదలైంది. ఆ పిల్ల ఆ గడియారాన్ని నమ్మింది. నియమం ప్రకారం మొదటిసారి గీత దాటినప్పుడే టైము మొదలైనట్టు లెక్క. అక్కడి జడ్జిల మండలి టైము తప్పులు వేసింది, అప్పీలు కమిటీ తీసేసింది. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా క్రీడల మధ్యవర్తిత్వ కోర్టుకి వెళ్తే కోర్టు మళ్ళీ తప్పులు వేసింది. మెడలో వేసుకున్న బంగారం పోయింది. జట్టు స్వర్ణం ఫ్రాన్స్‌కి, వ్యక్తిగత స్వర్ణం బ్రిటన్‌కి చెందిన లెస్లీ లాకి వెళ్ళాయి. గుర్రం పరిగెత్తింది ఒక్కసారే. తీర్పులు మూడు. గడియారం అబద్ధమాడలేదు, దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాల్సిన మనిషి పొరపడ్డాడు.

అమెరికా రోడియోల్లో పీపాల చుట్టూ పరుగుంటుంది, బ్యారెల్ రేసింగ్. మూడు పీపాలు, మూడాకుల గుర్తులా తిరిగి రావాలి. కాంతిరేఖతో సెకనులో వందో వంతు, వెయ్యో వంతు దాకా కొలుస్తారు. పీపా పడితే ఐదు సెకన్లు కలుపుతారు. దాని కంటే శుద్ధమైన కొలత ఉంటుందా? కానీ ప్రతి గుర్రమూ అదే పీపా పక్కన మలుపు తీసుకుంటుంది. పదో గుర్రం వచ్చేసరికి అక్కడ నేల గుంట పడుతుంది. అందుకే కొన్ని గుర్రాలకోసారి ట్రాక్టరు తెచ్చి నేల చదును చేస్తారు. చదును చేసిన వెంటనే వచ్చినవాడికి ఒక నేల, చదునుకి ముందు వచ్చినవాడికి ఒక నేల. వెయ్యో వంతు సెకను కొలిచే యంత్రం ఆ గుంటని కొలవదు.

ఇది నేను కళ్ళారా చూశాను. ఏ ఊరో చెప్పను. ఒక జంపింగ్ పోటీ, ముందు రోజు రాత్రి వాన. పొద్దున పరిగెత్తినవాళ్ళకి నేల కాస్త మెత్తగా ఉందంతే. జంట కర్రల ముందు గుర్రాలు ఎగిరే చోటు, అందరి డెక్కలూ అక్కడే పడి, మధ్యాహ్నానికి చలిమిడి ముద్దలా అయింది. ఇసుక వేయండయ్యా అని నేనూ ఇంకో ఇద్దరం చెప్పాం. టైము లేదన్నారు. చివర్లో నాకు తెలిసిన కుర్రాడు వచ్చాడు. మంచి రౌతు, చేతులు మెత్తన. గుర్రం ఎగరబోయే క్షణంలో వెనక కాళ్ళు జారాయి. ఛాతీతో కర్రని తోసుకుంటూ వెళ్ళింది. నాలుగు తప్పులు. బయటికి రాగానే నేను కాలు పట్టుకుని చూస్తే నరం వేడెక్కి ఉబ్బింది. ఆ సాయంత్రం రెండు గంటలు దాని కాలు మీద చల్లటి నీళ్ళు పోస్తూ కూర్చున్నాం. స్కోరు కాగితంలో ఏముంది? ఆ కుర్రాడి పేరు, పక్కన 4. అంతే. ఎందుకు పడిందో రాయడానికి అక్కడ గడే లేదు. ఇంకో గుర్రం అదే కర్రని డెక్కతో గట్టిగా కొట్టింది, కర్ర తనని ఆన్చిన గిన్నెలో ఊగి ఊగి నిలబడిపోయింది. దానికి సున్నా తప్పులు.

నాన్నగారూ, "ఎవరి దయా అక్కర్లేదు" అన్నారు. వాన దయ కావాలి. చీటీలో వచ్చిన నంబరు దయ కావాలి. ఆ కర్ర గిన్నె దయ కావాలి.

మలక్‌పేట రేసులు చూసినవాళ్ళుంటారు ఇక్కడ. గీత ముందు ఎవరు దాటారో ఫొటో చెబుతుంది, దానికి తిరుగులేదు. కానీ హ్యాండిక్యాప్ రేసులో ఏ గుర్రం ఎంత బరువు మోయాలో నిర్ణయించేది ఒక మనిషి, ఆ గుర్రాల పాత పరుగులు చూసి. తీర్పు పరుగుకి ముందే అయిపోతుంది. మనకి కనిపించేది పరుగు మాత్రమే. ఇంకా సూటిగా తేలేది టెంట్ పెగ్గింగ్. మన పోలీసులకీ సైన్యానికీ ప్రాణం ఆ ఆట. నేలలో పాతిన మేకుని దౌడు మీద ఈటెతో ఎత్తుకుపోతే ఆరు, పెకలించి వదిలేస్తే నాలుగు, తాకితే రెండు. 1982 ఢిల్లీలో రూపిందర్ సింగ్ బ్రార్ బంగారం తెచ్చింది అందులోనే. అక్కడ కూడా మేకు ఏ కర్రతో చేశారు, ఎంత లోతు పాతారు అన్న గొడవ లేని మైదానం నేను చూడలేదు.

టోక్యో ఒలింపిక్స్‌లో జరిగింది అందరూ చూసే ఉంటారు. ఐదు ఆటలు కలిసిన మోడర్న్ పెంటథ్లాన్‌లో అప్పట్లో రౌతుకి తన గుర్రం ఉండేది కాదు, చీటీ తీసి ఇచ్చేవారు. జర్మనీ అమ్మాయి అన్నికా ష్లాయ్ ముందంజలో ఉంది. చీటీలో సెయింట్ బాయ్ అనే గుర్రం వచ్చింది. అది అప్పటికే బెదిరి ఉంది, కదలనంది. ఆ పిల్ల జీను మీద కూర్చుని ఏడుస్తూ కొరడా వాడింది. బయట నుంచి కోచ్ గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. స్వారీకి సున్నా పాయింట్లు, చివరికి 31వ స్థానం. లెక్క ప్రకారం ఏ తప్పూ జరగలేదు. చీటీ అందరికీ సమానమే. ఆ గుర్రాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. 2024 పారిస్ తర్వాత ఆ ఆటలో స్వారీనే తీసేశారు.

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను. చెబుతాను.

మాది ప్రకాశం జిల్లా. తిరునాళ్ళకి, సంక్రాంతికి మా వైపు ఒంగోలు గిత్తలకి రెండు రకాల పోటీలు పెడతారు. ఒకటి బండలాగుడు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని వయసు ప్రకారం విభాగాలు. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగితే అంత. టేపు పెట్టి కొలుస్తారు. రెండోది అందాల పోటీ. దానికి జడ్జీలుగా పశువైద్యుల్ని పిలుస్తారు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట నన్ను పిలిచారు. పదకొండు గిత్తలు.

మొదటి గిత్త వచ్చింది. ముసలి రైతు, తలపాగా, చేతిలో పగ్గం. ఆయన గిత్త పక్కన నడుస్తున్నాడో, గిత్తే ఆయన పక్కన నడుస్తోందో తెలియనంత చనువు. వెడల్పు నుదురు. నిటారుగా నిలబడ్డ మూపురం, ఏ పక్కకీ వాలలేదు. గంగడోలు మడతలు మడతలుగా మోకాళ్ళ దాకా. చెయ్యి వేస్తే చర్మం పట్టుబట్టలా జారింది. నడక రాజసం. నా మనసులో వచ్చిన అంకె తొమ్మిది. కాగితం మీద వేసింది ఏడున్నర. ఎందుకు? ఇంకా పది గిత్తలున్నాయి, ఇంతకన్నా మంచిది వస్తే చోటుండాలి కదా అని. మార్కులు చేతిలో దాచుకున్నాను. ఎండ ఎక్కే కొద్దీ, జనం కేకలు పెరిగే కొద్దీ నా చెయ్యి కాస్త కాస్త వదులైంది. ఎనిమిదో గిత్తకి ఎనిమిదిన్నర వేశాను, అది మొదటిదాని కన్నా ఏ రకంగానూ మెరుగు కాదు. లెక్క తీసేసరికి మొదటి గిత్తకి మూడో బహుమతి.

సాయంత్రం ఆ రైతు నా దగ్గరికి వచ్చాడు. గొడవ పెట్టుకోవడానికి కాదు. "అయ్యా, మా గిత్తలో లోపమేదో చెప్పండి, వచ్చే ఏటికి దిద్దుకుంటాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లోపం లేదు. అది మొదట రావడమే దాని లోపం. ఆ మాట చెప్పే ధైర్యం లేక, "నడకలో కాస్త బరువుంది" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఏడాదంతా ఆ గిత్త నడక దిద్దే ప్రయత్నం చేసి ఉంటాడు. లేని లోపాన్ని.

నేను డబ్బు తీసుకోలేదు, ఎవరి సిఫార్సూ వినలేదు. అయినా అన్యాయం చేశాను. అప్పట్నుంచి ఎక్కడ జడ్జిగా కూర్చున్నా ప్రతి అంకె పక్కనా కారణం రాశాను. కారణం రాయాల్సి వస్తే చేతిలో మార్కులు దాచుకోవడం కష్టం. తొమ్మిదిని తగ్గించి ఏడున్నర వేసి పక్కన ఏం రాస్తావు? కలం ఆగిపోతుంది.

కాబట్టి నాన్నగారూ, నా మనసులో మాట ఇది. అంకె కంటితో వచ్చిందా, గడియారంతో వచ్చిందా అని కాదు నేను చూసేది. "ఎందుకు" అని అడిగితే జవాబు దొరుకుతుందా లేదా అన్నది. డ్రెస్సాజ్ కాగితంలో ఆ జవాబుకి గడి ఉంది. అందుకే అన్ని మచ్చలున్నా ఆ ఆట వైపు నేను నిలబడతాను. కానీ ఆ గడి ఖాళీగా వదిలేసే జడ్జిని నిలదీయాలి. తను నేర్పిన పిల్లలకి తనే మార్కులు వేసే జడ్జిని కూర్చోబెట్టకూడదు. ఏ జడ్జి ఎంత వేశారో విడివిడిగా బోర్డు మీద పెట్టాలి, సగటు మాత్రమే పెడితే చాలదు. జంపింగ్ నడిపేవాళ్ళు కూడా వినాలి. పది గుర్రాలు దాటాక నేల తొక్కి చూడండి. టైము లేదనకండి. నేల చదును చేయడానికి పట్టే పావుగంటలో ఒక గుర్రం కాలు దక్కుతుంది.

కన్నూ, గడియారమూ రెండూ కలిసిన ఆట ఈవెంటింగ్. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫవాద్ మీర్జా డ్రెస్సాజ్‌లో 22.40 తప్పులతో ముందు నిలిచాడు. అక్కడ మార్కులని వందలోంచి తీసేసి తప్పులుగా లెక్కిస్తారు. క్రాస్ కంట్రీలో ఒక్క తప్పు కూడా చేర్చుకోలేదు. చివరి రోజు జంపింగ్‌లో ఒక్క కర్ర పడింది. 26.40. జపాన్ రౌతు యోషియాకి ఒయివా 22.70తో బంగారం పట్టుకెళ్ళాడు. జడ్జిల కళ్ళు ఇచ్చిన ఆధిక్యం 0.30. కర్ర తీసుకున్నది 4. ఆ వెండి కూడా మనకి 36 ఏళ్ళ తర్వాత వచ్చిన వ్యక్తిగత పతకం, ఎంత సంబరపడ్డామో. టోక్యో ఒలింపిక్స్‌లో అతనే క్రాస్ కంట్రీలో 7 నిమిషాల 45 సెకన్లకి రావాల్సింది 8 నిమిషాల 13 సెకన్లకి వచ్చాడు. 28 సెకన్లు, సెకనుకి 0.4 చొప్పున 11.20 తప్పులు. చివరికి 23వ స్థానం. ఆ 28 సెకన్లలో తన గుర్రం సెన్యూర్‌ని ఎక్కడ తోలకుండా ఊపిరి తీసుకోనిచ్చాడో ఏ బోర్డూ చెప్పదు. రౌతు కొద్దీ గుర్రమంటారు కదా, ఆ రౌతు ఏం ఆలోచించాడో తెలుసుకోవాలని నాకు ఉంటుంది.

ఇక అమ్మాయి దగ్గరికి వస్తాను.

అమ్మా, నువ్వు బోర్డు మీద 58 చూసి వెళ్ళిపోయావు. నీ కాగితం ఆఫీసులోనే ఉండిపోయింది. భోజనాల వేళ నేను తెప్పించుకుని చదివాను. నీ అనుమతి లేకుండా చదివినందుకు ఏమీ అనుకోకు. హాల్ట్‌కి, అంటే కదలకుండా నిలబడటానికి, 7, పక్కన "నిలకడ, చక్కగా ఉంది" అని ఉంది. ఎడమ వైపు గుండ్రానికి 6. కుడి వైపు గుండ్రానికి 5, "తల అడ్డంగా వాల్చింది". క్యాంటర్ కుడి వైపు 5, "కళ్ళేన్ని తోస్తోంది". పగ్గాలు వదిలి నడిచే చోట, దానికి రెట్టింపు లెక్క కదా, నాలుగున్నర. పక్కన "మెడ చాచలేదు, నోరు బిగించింది". కింద జడ్జి తన చేత్తో ఒక వాక్యం రాశారు. "రౌతు చేతులు మెత్తన. గుర్రం నోరు చూపించండి."

మూడు గంటలకి నేనూ, సైసు మస్తానూ కలిసి దాని నోరు తెరిచి చూశాం. కుడి వైపు పైన దవడ పన్ను అంచు కత్తిలా పదునెక్కింది. లోపల బుగ్గ కోసుకుపోయి ఉంది, రూపాయి బిళ్ళంత పుండు. కుడి పగ్గం లాగినప్పుడల్లా ఆ పుండు మీద ఒత్తిడి. అది అయినా నువ్వు చెప్పిన చోటల్లా ఆగింది, తిరిగింది, వరస తప్పలేదు. నువ్వు పొద్దున నాతో అన్నది నిజమే. జడ్జి వేసిందీ నిజమే.

పళ్ళు ఆరు నెలలకోసారి చూడాలని ఈ కేంద్రం వాళ్ళకి చెప్పాను, ఒప్పుకున్నారు. రేపు పొద్దున ఏడింటికి ఆకురాయితో ఆ అంచు అరగదీస్తాను. పుండు మానేదాకా పది రోజులు నోట్లో ఇనుము పెట్టొద్దు, తలతాడుతోనే తిప్పండి. మెత్తటి దాణా, నానబెట్టిన తవుడు పెట్టండి. అమ్మా, నువ్వు ఏడింటికల్లా రావాలి. నోట్లోకి ఆకురాయి వెళ్తే అది బెదురుతుంది, నీ గొంతు దానికి అలవాటు కాబట్టి తల నువ్వే పట్టుకోవాలి. నాన్నగారూ, మీరు టార్చి తీసుకురండి, లోపలి పళ్ళ మీదకి వెలుతురు కావాలి.